అల్లుడి పేరు, మామ మచ్చు

తప్పులుంటే మన్నించండి. నేను యాభై నాలుగో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తుల దగ్గర నా చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఇంత నెమ్మదిగా రాసినదాన్ని మీరు ఒక్క పూటలో చదివేస్తారు కదా అని, అదొక్కటే నా బాధ.

ప్రత్తిపాడులో బుడాన్ అని ఒకడు ఉండేవాడు. ముప్పై రెండేళ్ల మనిషి. గుంటూరులో ఒక మిర్చి కొట్టులో పని. రైతు తెచ్చిన బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి, కొనేవాళ్లకు చూపించడమే అతని ఉద్యోగం. ఆ గుప్పెడు కాయనే మచ్చు అంటారు. మచ్చు బాగుంటే బస్తా బాగున్నట్టు. అందుకని రైతు ఇంటిదగ్గరే ఎర్రగా నిగనిగలాడే కాయను మూతి దగ్గర పోసి, తెల్లబడ్డ తాలు కాయను అడుక్కి తోస్తాడు. కొనేవాడేమో మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి తీస్తాడు. సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టే నవ్వుకుంటారు. బుడాన్ పదేళ్లుగా ఆ నవ్వుల మధ్య బతుకుతున్నవాడు. చూపించాల్సి వస్తే మంచిదే చూపించాలని అతనికి ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు.

అతని భార్య షాజాదీ. పొదిలి పిల్ల. పెళ్లయి నాలుగేళ్లు దాటినా కడుపు పండలేదు. పైగా ఆర్నెల్లుగా పొత్తికడుపులో ఒకటే నొప్పి. వాము నీళ్లు తాగింది, తాయెత్తు కట్టుకుంది, చివరికి రెండువేల ఆరు జనవరిలో తనంతట తనే బస్సెక్కి గుంటూరులో శ్రీరమ్య అనే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ పరీక్షలు చేయించి, రెండోసారి వచ్చేటప్పుడు మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మంది.

బుడాన్ వెళ్లి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చూడండి బుడాన్ గారూ, మీ ఆవిడకి క్లామిడియా అని ఒక ఇన్ఫెక్షన్ ఉంది. కంటికి కనపడని క్రిమి. చాలామందికి అది ఉన్నట్టే తెలీదు. వదిలేస్తే లోపల గొట్టాలు మూసుకుపోయి పిల్లలు పుట్టరు. మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుంది. భయపడాల్సింది ఏమీ లేదు" అంది డాక్టరు.

"అది ఎట్టా వస్తుంది మేడమ్?" అంది షాజాదీ.

"కాపరంలో ఒకరి నుంచి ఒకరికి వస్తుందమ్మా."

"ఒకరి నుంచి ఒకరికి సరే. ఆ మొదటి ఒకరికి ఎట్టా వస్తుంది?"

డాక్టరు బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి, మళ్లీ మూత తీసింది. "అదంతా తర్వాత. ముందు ఇద్దరూ మందు వేసుకోవాలి. ఒకళ్లు వేసుకుని ఒకళ్లు మానేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది."

ఆ మొదటి ఒకరు ఎవరో ఆ గదిలో బుడాన్‌కు ఒక్కడికే తెలుసు. రెండేళ్ల కిందట మిర్చి లోడుతో లారీలో నాగపూర్ వెళ్లాడు. వాన పట్టుకుని నాలుగు రోజులు సరుకు దిగలేదు. ఆ నాలుగు రోజుల్లో ఒకరోజు లారీ డ్రైవరు ఒక సందులోకి తీసుకెళ్లాడు. బుడాన్ వెళ్లాడు, వచ్చాడు, ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. తలస్నానంతో అంతా పోయిందనుకున్నాడు.

"నాకే రోగమూ లేదండీ. లేని రోగానికి మాత్రెందుకు? మింగితే ఉందని ఒప్పుకున్నట్టే గదండీ" అన్నాడు.

"అయితే పరీక్ష చేయించుకోండి, తేలిపోతుంది" అంది డాక్టరు తేలిగ్గా. షాజాదీకి మాత్రలు రాసిచ్చి, భర్త సంగతి తేలేదాకా విడిగా పడుకోమంది.

అట్లా తన నోటితోనే తను ఇరుక్కుపోయాడు. పక్కనే ల్యాబు. అక్కడ లక్ష్మీకాంత్ అనే అతను మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, దాని మీద బుడాన్ పేరు రాశాడు. "రేపు పొద్దున లేవగానే, మూత్రం మొదటి ధార పట్టి తీసుకురండి. ఇది హైదరాబాద్ పంపాలి. ఫలితానికి పది రోజులు" అన్నాడు.

బస్సులో ఆ డబ్బాను జేబులో పెట్టుకుని బుడాన్ మచ్చు గురించే ఆలోచించాడు. తన బస్తాలో తాలు ఉంది. మూతి దగ్గర పొయ్యడానికి మంచి కాయ ఎవరి దగ్గర ఉంది? స్నేహితుడు ఖాజావలి గుర్తొచ్చాడు. కానీ ఆ డ్రైవరు వెంట అదే సందుకు ఖాజావలి మూడుసార్లు వెళ్లాడు. పక్కింటి పీరు మంచివాడే, కానీ ఏది విన్నా సాయంత్రానికి టీ కొట్టులో చెబుతాడు. ఇంటికి చేరి చెప్పులు విప్పుతుంటే అరుగు మీద మామ కనపడ్డాడు.

మామ అలీ సాహెబ్‌కు అరవై మూడేళ్లు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. పీర్ల పండగకని ముందుగానే కూతురింటికి వచ్చి, వచ్చినవాడు ఊరికే కూర్చోలేక ప్రత్తిపాడులో పరుపులు కుట్టడం మొదలుపెట్టాడు. బీడీ తాగడు. కల్లు ముట్టడు. భార్య పోయి పదిహేనేళ్లయినా పరాయి ఆడదాని వైపు తలెత్తి చూసింది లేదు. బుడాన్ చెప్పులు విప్పడం ఆపి ఆయన్నే చూశాడు. ఒక్క తాలు కాయ లేని బస్తా.

"మామా, మా కొట్టోళ్లు షుగరు పరీక్ష ఉచితంగా చేయిస్తున్నారు. ఇంట్లో పెద్దోళ్లుంటే ఒంటేలు తెమ్మన్నారు" అన్నాడు మెల్లగా.

"నాకు షుగరేందయ్యా. అరవై ఏళ్లు బెల్లం తిని బతికినోణ్ణి. వచ్చేదయితే ఎప్పుడో వచ్చేది."

"లేదని తెలిస్తే మంచిదే గదా."

"అదీ నిజమే." అలీ సాహెబ్ కళ్లు చెమ్మగిల్లాయి. "నాకు కొడుకు లేడు. ఉన్నా ఇట్టా అడిగేవాడు కాదు అల్లుడా."

"షాజాదీకి చెప్పబాకు మామా. కంగారు పడుద్ది."

"ఆడకూతురితో ఇట్టాంటివి ఎవరు చెబుతారయ్యా."

తెల్లవారి అలీ సాహెబ్ డబ్బాను అంచుదాకా నింపి తెచ్చాడు. రెండో చేతిలో ఒక చెంబు కూడా ఉంది. "డబ్బా మరీ చిన్నది. మిగిలింది ఇందులో ఉంచాను. చాలకపోతే మళ్లీ మళ్లీ తిరగాల్సొస్తుంది" అన్నాడు. ఆ చెంబును షాజాదీ కంట పడకుండా దాటించడానికి బుడాన్‌కు నాగపూర్‌లో కూడా పట్టనంత చెమట పట్టింది.

ల్యాబుకు షాజాదీ కూడా వచ్చింది. లక్ష్మీకాంత్ డబ్బా తీసుకుని, "మేడమ్ మామూలు పరీక్ష కూడా రాశారు, అయిదు నిమిషాలు కూర్చోండి" అన్నాడు. ఇది బుడాన్ లెక్కలో లేదు. లోపల ఒక సన్నటి పట్టీ ముంచి చూసి, లక్ష్మీకాంత్ బయటికొచ్చి బుడాన్‌ను ఎగాదిగా చూశాడు.

"మీకు షుగరుందని తెలుసా?"

"నాకా?"

"నాలుగు ప్లస్సులు. చాలా ఎక్కువ. రక్తం కూడా ఇవ్వండి, ఎంతుందో చూద్దాం."

రక్తం ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది. "సూది చూస్తే నాకు కళ్లు తిరుగుతాయండీ" అన్నాడు బుడాన్.

"నిరుడు కుక్క కరిస్తే అయిదు సూదులు పొడిపించుకుని, బయటికొచ్చి బజ్జీలు తిన్నావు గదయ్యా" అంది షాజాదీ.

"అప్పట్నుంచే తిరుగుతున్నాయి."

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో కొత్త పాలన వచ్చింది. తెల్లన్నం బంద్. టీలో పంచదార బంద్. పొద్దున్నే గ్లాసెడు కాకరకాయ రసం. మధ్యాహ్నం రాగి సంగటి, రాత్రి రాగి సంగటి. కోడి కూయకముందే షాజాదీ లేపి, ఏటుకూరు రోడ్డు మీద రెండు మైళ్లు నడిపించేది. షాజాదీకి చదువు రాదు కానీ పట్టుదల వచ్చు. మొగుడికి షుగరని తెలిసిన దగ్గర్నుంచి తన కడుపునొప్పి కూడా మర్చిపోయింది. అది చూసి బుడాన్‌కు కాకరకాయ మరీ చేదయ్యేది.

ఇంతలో పీర్ల పండగ వచ్చింది. ఇంట్లో బెల్లం దండిగా దంచి మలీదా ఉండలు కట్టారు. ఉండ కొరుకుతూ అలీ సాహెబ్, "అల్లుడా, నా పరీక్ష ఏమైంది?" అని అడిగాడు. అడిగిన చోట షాజాదీ నాలుగడుగుల దూరంలో ఉంది. బుడాన్ గొంతు తగ్గించి గబగబా, "ఏం లేదు మామా, నీది బంగారం" అనేశాడు.

"చెప్పానా" అని అలీ సాహెబ్ ఇంకో ఉండ తీసుకున్నాడు. అప్పట్నుంచి కూతురి చెవిన పడకుండా, ఎవరు కనపడ్డా, నాకు షుగరు లేదని గుంటూరులో పరీక్ష చేసి చెప్పారని చెప్పుకుంటూ తిన్నాడు. ఒకే చాప మీద షుగరున్నవాడు మలీదా తింటుంటే, లేనివాడు రాగి సంగటి మింగుతున్నాడు. "పాపం ఈ వయసులోనే నీకిట్టా రాసిపెట్టాడు" అని మామ అల్లుడి వీపు నిమిరాడు.

పదకొండో రోజు హైదరాబాద్ కాగితం వచ్చింది. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివింది. "వీరికి క్లామిడియా లేదు" అంది. కాగితం మడిచి, "పరీక్షలు ఒక్కోసారి తప్పుతాయి. ఎందుకైనా మంచిది, మందు వేసుకోండి" అంది.

అక్కడ మింగేసుంటే సగం గొడవ తీరిపోయేది. కానీ లేదని కాగితం వచ్చాక మింగితే షాజాదీ ఏమనుకుంటుందోనని అతని భయం. "కాగితమే చెబుతుంది గదండీ" అన్నాడు.

బస్సులో షాజాదీ మాట్లాడలేదు. ఇంట్లో రెండు రోజులు మాట్లాడలేదు. కాకరకాయ రసం మాత్రం టయానికి ఇచ్చింది. మూడో రోజు గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఆ కాగితం ప్రకారం నీకు లేదు. నాకుంది. అంటే ఏంది?"

"ఏముందిలే."

"ఏముందిలే అంటావేందయ్యా. వేరే మొగుడయితే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవాడు. ఎక్కణ్ణించి తెచ్చావే అని జుట్టు పట్టుకునేవాడు. నువ్వు ఒక్క మాట అడగలా. కాకరకాయ రసం తాగుతున్నావు."

"నీ మీద నమ్మకం."

"నమ్మకమా. నిన్న పప్పులో ఉప్పేశానంటే నమ్మక రెండోసారి వేశావు."

బుడాన్ గ్లాసులోకి చూశాడు.

"నేను ఏ తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు" అంది షాజాదీ. "కానీ కాగితం నా మీద పడింది. నువ్వు దాన్ని నా మీద నుంచి తియ్యవు, నన్ను అడగవు. అరిచేవాడితో కాపరం చెయ్యొచ్చు. ఇట్టా ఊరుకునేవాడితో నావల్ల కాదు. ఆదివారం నాన్నతో పొదిలి పోతా. మళ్లీ రమ్మని రాబాకు."

అది విన్నాక కూడా అతను రసం తాగేసి గ్లాసు కింద పెట్టాడు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఏదో ఒకటి కాకపోతుందా అనుకున్నాడు.

అయింది. పండగకు ముందు పరుపు కుడుతుంటే దబ్బనం జారి అలీ సాహెబ్ కాలి బొటనవేలి పక్కన గుచ్చుకుంది. పసుపు పెట్టుకున్నాడు. అది మానలేదు. శుక్రవారం పొద్దున మామ కాలు చాపి గుడ్డ విప్పుతుంటే బుడాన్ చూశాడు. వేలు నల్లబడి, పాదం ఉబ్బి ఉంది. వాసన వేస్తోంది.

"మామా, ఇది మామూలు పుండు కాదు. షుగరేమో, చూపించుకుందాం పద."

"మొన్న చూపించావు గదయ్యా. లేదన్నావు గదా."

"మళ్లీ ఒకసారి."

"ఒకసారి లేదన్నాక మళ్లీ ఎందుకు? గుంటూరోళ్ల కంటే నీకు ఎక్కువ తెలుసా? పసుపు పెట్టాగా, అదే మానుద్ది." పీర్ల చావిడి దాకా నడిచొస్తానని ఆయన కుంటుకుంటూ లేచాడు.

బుడాన్ అక్కడే నిలబడిపోయాడు. భార్యతో ఆడిన అబద్ధం ఒకటి, మామతో ఆడిన అబద్ధం ఒకటి. రెండూ ఒకదానికొకటి గొళ్లెం పెట్టుకున్నాయి. ఒకటి తియ్యకుండా రెండోది రాదు. ఆ నల్లబడ్డ వేలు ఇంకో రెండు రోజులాగదని అతనికి అర్థమైంది.

పెరట్లో షాజాదీ ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాకు షుగరు లేదు" అన్నాడు.

"కాకరకాయ తాగలేక ఇంకో నాటకమా?"

"డబ్బాలో ఇచ్చింది నాది కాదు. మామది."

షాజాదీ చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. బుడాన్ ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగకుండా చెప్పేశాడు. నాగపూర్, వాన, సందు, డబ్బా, ఉచిత పరీక్ష. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు, తొడిమల కుప్పే చూశాడు. అంతా అయ్యాక ఆమె మొదట అడిగింది నాగపూర్ గురించి కాదు.

"అయితే షుగరు మా నాన్నకా?"

"అవును."

"పండగ నుంచి ఎన్ని ఉండలు తిన్నాడు?"

"నేను చూసినవి ఇరవై రెండు."

ఆమె కారం చేతులతోనే లేచి కొంగు దోపుకుంది. "ఆటో పిలువు. ముందు మా నాన్న కాలు. నీ సంగతి తర్వాత."

అలీ సాహెబ్‌ను చావిడి దగ్గర్నుంచి దాదాపు ఎత్తుకొచ్చి ఆటోలో పడేశారు. గుంటూరు ఆసుపత్రిలో రక్తం చూస్తే షుగరు నాలుగొందల పైన ఉంది. ఇంకో వారం ఆలస్యమైతే పాదం తీసెయ్యాల్సొచ్చేదని, ఇప్పుడు వేలి చివర శుభ్రం చేస్తే చాలని అక్కడి డాక్టరు చెప్పాడు. పది రోజులు మంచం మీద ఉంచి పొద్దునా సాయంత్రం సూదులు వేశారు.

రెండో రోజు ఆయన కాస్త తేరుకున్నాక షాజాదీ దాచకుండా చెప్పింది. "నీది తీసుకెళ్లి తన పేరు పెట్టుకున్నాడు నాన్నా. పరాయి ఆడవాళ్ల దగ్గర అంటుకునే జబ్బు తనకు లేదని చూపించుకోడానికి."

అలీ సాహెబ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఉందన్నారా నాకు?"

"లేదన్నారు."

"ఎట్టా ఉంటుంది." ఆయన చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఏదీ, ఇటియ్యి."

మంచం పక్కనే ఉన్న బుడాన్ జేబులోంచి తీసిచ్చాడు. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి తలగడ కింద పెట్టుకుని అప్పుడు అల్లుడి వైపు తిరిగాడు.

"ఉచితమంటే చెంబెడు ఇచ్చాను. షుగరు లేదని నాతో అబద్ధమాడావు. కాలు దక్కింది కాబట్టి అది నేను మర్చిపోతా. కానీ నా కూతుర్ని దోషిలాగా తిప్పావు చూడు, అది నేను మర్చిపోయేది కాదు. మన్నించడం, మానడం ఆమె ఇష్టం."

మర్నాడు షాజాదీ మొగుణ్ణి మళ్లీ ల్యాబుకు తీసుకెళ్లింది. లక్ష్మీకాంత్ ఎదుటే అతని రెండు జేబులూ తడిమింది. చొక్కా ఎత్తి నడుము చూసింది. బాత్‌రూమ్‌లోకి తొంగిచూసి కిటికీ ఎంత ఉందో చూసుకుంది.

"అమ్మా, ఇది మగవాళ్లది" అన్నాడు లక్ష్మీకాంత్.

"నేను లోపలికి రాను బాబూ. ఈయనొక్కడే పోవాలి, ఒక్కడే రావాలి."

బుడాన్ బయటికొచ్చి డబ్బా ఇవ్వబోతే ఆమె ముందు తను అందుకుంది. మూత మీద చెయ్యి పెట్టి, కింద చెయ్యి పెట్టి, వెచ్చగా ఉందని రూఢి చేసుకుని లక్ష్మీకాంత్‌కు ఇచ్చింది. ల్యాబులో కూర్చున్న ఏడెనిమిదిమందీ గోడమీది క్యాలెండర్ చదువుతున్నట్టు నటించారు.

ఈసారి జబ్బు ఉందని కాగితం వచ్చింది. శ్రీరమ్య డాక్టరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మాత్రలు ఇచ్చి, గ్లాసుతో నీళ్లిచ్చి, తన ఎదురుగానే మింగమంది. "మూడు నెలల తర్వాత ఇద్దరూ మళ్లీ పరీక్ష చేయించుకోండి" అంది.

"ఆ మూడు నెలలూ నేను పొదిల్లో ఉంటా" అంది షాజాదీ. డాక్టరుతోనే చెప్పింది, మొగుడితో కాదు.

ఆ మూడు నెలలూ బుడాన్ ఖాళీ ఇంట్లో అన్నం వండుకుని మాడబెట్టుకుని తిన్నాడు. ఒకటి రెండుసార్లు ఫోన్ బూత్ నుంచి పొదిలి కిరాణా కొట్టుకు చేశాడు. మామ వచ్చి మాట్లాడాడు, షాజాదీ రాలేదు. మే నెల ఎండల్లో జబ్బు పోయిందని వచ్చిన కొత్త కాగితం తీసుకుని పొదిలి బస్సెక్కాడు.

తలుపు అలీ సాహెబ్ తీశాడు. కాలికి మెత్తటి చెప్పులు వేసుకుని, సన్నబడి, జొన్న రొట్టె నములుతున్నాడు. "రా అయ్యా. ఈ ఇంట్లో ఇప్పుడు బెల్లం ముక్క లేదు, నీకేం పెట్టాలో" అన్నాడు.

షాజాదీ కాగితం అందుకుని వీధి చివర టీచరమ్మ దగ్గరికి వెళ్లి పేరు, వయసు, తేదీ, ఫలితం అన్నీ చదివించుకుని వచ్చింది. "నాది కూడా వచ్చింది, పోయిన వారం. లేదన్నారు" అని, కంచం పెట్టి అన్నం వడ్డించింది. బుడాన్ తలొంచుకుని నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఆమెకి మాత్రలు ఎవరిచ్చారు?" అంది షాజాదీ.

"ఎవరికి?"

"నాగపూర్ ఆమెకి."

బుడాన్‌కు అది ఎప్పుడూ తట్టలేదు. "తెలీదు."

"పేరేంది?"

"అడగలేదు."

షాజాదీ గరిటె గిన్నెలో పెట్టింది. "ఆమెకి కూడా కడుపులో నొప్పొస్తుండుద్ది. ఏ తాయెత్తో కట్టుకుని కూర్చుని ఉంటది" అంది. బుడాన్ చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. ఈ గొడవంతటిలో అతనికి నిజంగా సిగ్గేసింది అప్పుడే.

ఆమె మజ్జిగ పోసింది.

"తిను. రేపు పొద్దున బస్సుకి పోదాం. దారిలో నేనడిగినవాటికి అన్నిటికీ జవాబు చెప్పాలి. ఇక్కణ్ణించి ప్రత్తిపాడుకి ఎంతసేపు?"

"నాలుగు గంటలు."

"చాలదు" అంది షాజాదీ.

తూమాటి వెంకటరావమ్మ
వయసు అరవై తొమ్మిది
ప్రస్తుతం ఉండేది మంగళగిరి, మగ్గాల వీధి